గురువారం జీపుకు డీజిల్ ఇంజిన్

ఇంజిన్ మార్చేద్దామన్న మాట మొదట నా నోట్లోంచే వచ్చింది. ఆ మాటకు మా నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున టీ గ్లాసు నా ముందు టక్కున పెట్టి, "ఏ ఇంజినే?" అన్నాడు. అంతే. ఆ పూట మొదలు రెండున్నర నెలలు మా ఇంట్లో వేరే ముచ్చట లేదు. కూరలు మాడాయి, ఉతికిన బట్టలు తీగ మీదే ఉండి అప్పడాల్లా ఎండాయి. మా ఇద్దరికీ పట్టలేదు.

ముందు మా సంగతి చెప్పాలి. దుమ్ముగూడెం దారిలో, గోదావరికి కొంచెం ఎడంగా ఉన్న చిన్న మిషన్ దవాఖానాలో నాన్న డ్రైవర్, నేను నర్సును. అమ్మ పోయాక ఇల్లంటే మేమిద్దరమే. దవాఖానా జీపు నాకంటే వయసులో పెద్దది. దొరల కాలంలో ఓడ మీద వచ్చిందట. స్టీరింగు ఎడమ పక్క ఉండేది. ముందు అద్దాన్ని బానెట్ మీదికి మడిచి పెట్టొచ్చు. దాన్ని నాన్న తప్ప ఇంకొకరు నడపడం నేను చూడలేదు. ఎవరైనా తాళం చెవి అడిగితే, వాళ్లు ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టినట్టు చూసేవాడు.

ప్రతి గురువారం ఆ జీపులో అడవి లోపలి మూడు కోయ గూడేలకు వెళ్లేవాళ్లం. బస్సు ఆగిపోయే చోట నుంచి అడవి బాట, తర్వాత వాగు, వాగు దాటాక ఒకదాని వెనక ఒకటి గూడేలు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట ఇది. ఆ మూడు గూడేల్లో ఎవరి దగ్గరా ఫోన్ లేదు. జీపు వాగులోకి దిగేటప్పుడు వచ్చే సప్పుడే మా కబురు. అది విని ఎక్కడెక్కడి వాళ్లూ బయల్దేరేవారు. మేము ఇప్పచెట్టు దగ్గరికి చేరేసరికి పిల్లల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను చెయ్యి పట్టుకుని అందరూ నిలబడి ఉండేవారు.

ఇంకొక అలవాటు కూడా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు వాగు దాటాక ఈ పక్కన నిట్టనిలువు ఎత్తు. మా పెట్రోల్ ఇంజిన్ ముసలిదైపోయి ఆ ఎత్తు ఎక్కలేకపోయేది. అందుకని నీళ్లు దాటగానే జీపులో ఉన్న ప్రతివాళ్లూ దిగిపోయేవారు. చేతనైనవాళ్లు తోసేవారు, చేతకానివాళ్లు నడిచేవారు. ఎత్తు మీద నాన్న బండి ఆపి, అందరూ వచ్చి ఎక్కేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. దిగమని ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. జ్వరంతో మూలిగేవాళ్లు కూడా వాగు రాగానే దుప్పటి సర్దుకుని దిగేవారు.

ఆ ఫిబ్రవరిలో ఒక గురువారం నడిమి గూడెం నుంచి నొప్పులు పడుతున్న ఒక మనిషిని తీసుకొస్తున్నాం. వాగు దాటాం. ఆమె కూడా దిగింది! "ఎందుకమ్మా దిగుతవ్, కూసో!" అని నేను అరిచాను. "బండి ఎక్కది కదా సిస్టరమ్మా," అంటూ నా భుజం పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగేది, పళ్లు బిగబట్టేది, మళ్లీ నడిచేది. పైకి చేరేసరికి రేడియేటర్ బుస్సుమని పొగలు కక్కుతోంది. నాన్నకు తొందర. వాగు నుంచి తెచ్చిన చల్లటి నీళ్లు ఆ వేడి ఇంజిన్‌లో గుమ్మరించాడు. టక్కుమని ఒక సప్పుడు వచ్చింది. ఇంజిన్ బ్లాకు నిలువునా పగిలింది. ఆడపిల్ల ఆ ఎత్తు మీదే, జీపు నీడలో పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు, పోయింది ఇంజినే.

ముప్పై ఏళ్లు నడిపిన మనిషి చేత్తోనే పోయింది. ఆ సంగతి నాన్న ఎవరికీ చెప్పుకోలేదు, నేనూ ఎత్తలేదు. కానీ నా కడుపులో మంట ఇంజిన్ కోసం కాదు. నొప్పులతో ఉన్న మనిషిని ఆ ఎత్తు నడిపించామే అని. అందుకే ఆ వారమే అన్నాను, "ఈ ముసలి పెట్రోల్ ఇంజిన్ వద్దు నాయనా. డీజిల్ పెడదాం. అందరినీ ఎక్కించుకుని ఎత్తు ఎక్కేది కావాలె నాకు."

మూడు రోజుల మౌనం తర్వాత నాన్న తన గోడు బయటపెట్టాడు.

"డీజిల్ మోత వింటే వాళ్లేమనుకుంటరో తెలుసా నీకు? ఏదో ఆఫీసు బండి అనుకుంటరు. ఆఫీసు బండి వస్తే కాయితాలు అడుగుతరని, పోడు సేద్యం ముచ్చట తీస్తరని అడవి లోపలికి పోతరు. మన జీపు సప్పుడు వేరు. అది విన్నరు కాబట్టే చెట్టు కిందికి వస్తుండ్రు."

"డీజిల్ ఇంకా పెద్దగా వినపడ్తది కదా!"

"వినపడుడు కాదే బిడ్డా, గుర్తువట్టుడు."

"ఎత్తు ఎక్కుతదా ఎక్కదా, ముందు గది చెప్పు!" అని నేను గయ్యిమన్నాను. నా నోరు అలాంటిది. నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుందని నాన్న నాకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాడు. ఆ మంచి నోరు నాకు పట్టుబడలేదు. గూడేల్లో కూడా మందు మింగనివాళ్లను, బాలింతకు పథ్యమని అన్నం పెట్టని అత్తలను చెడామడా తిట్టేదాన్ని. 

తొందర ఎందుకంటే, చివరి గూడెంలో ఒక కోడలు పిల్ల కడుపుతో ఉంది. తొలి చూలు. అప్పటికే పాదాలు వాచాయి, బీపీ కొంచెం ఎక్కువ చూపిస్తోంది. మే నెలలో తునికాకు కోసే రోజులకు నెలలు నిండుతాయి. జీపు ఆగాక మార్చిలో ఒకసారి బస్సు దిగి నడుచుకుంటూ వెళ్లి చూసొచ్చాను. రానూ పోనూ ఒక రోజంతా పట్టింది, కాళ్లు బొబ్బలెక్కాయి. ముందుగానే భద్రాచలం పెద్ద దవాఖానాకు వచ్చి ఉండమంటే వాళ్ల అత్త ఒప్పుకోలేదు. "నొప్పులు రాకముందే దవాఖానాల ఏం పని?" అంది. "జీపు బాగైతది, దాంట్లనే వచ్చి తీసుకుపోత" అని చెప్పి వచ్చాను. జీపు గొంతు మారుతుందని చెప్పాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. 

దవాఖానా కమిటీ పెద్దలు కొత్త బండి కొనే స్తోమత లేదన్నారు. "ఉన్నదాన్ని బాగుచేసుకుంటే మీ ఇష్టం" అన్నారు. ఆ మాట చాలు నాకు. భద్రాచలంలో, నదికి దగ్గరగా పల్లంలో, ఒక మేస్త్రీ షెడ్డు ఉంది. జూలూరుపాడులో ట్రాక్టర్లు విప్పుతూ పెరిగిన మనిషి. ఆయన షెడ్డు మూలన టార్పాలిన్ కింద ఒక డీజిల్ వ్యాన్ ఇంజిన్ ఉంది. వ్యాన్ చెట్టుకు గుద్దుకుని నుజ్జయిందట గానీ ఇంజిన్‌కు చిన్న గీత కూడా పడలేదు. నాన్న దాన్ని పక్కింటి కుక్కను చూసినట్టు దూరం నుంచే చూశాడు.

"అన్నా, మనిషికి మనిషి గుండె పెడుతుండ్రు. జీపుకు వ్యాన్ ఇంజిన్ పెట్టలేమా?" అన్నాడు మేస్త్రీ. ఆ ఒక్క మాటతో ఆయన నాకు దేవుడిచ్చిన అన్న అయిపోయాడు.

ఇక చూడండి నా హుషారు! బానెట్ ఎత్తితే పాము కనపడ్డట్టు దూరం జరిగేదాన్ని, పది రోజుల్లో ఏ గొట్టం ఎక్కడికి పోతుందో కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. రోగులు లేని వేళల్లో, ట్రాక్టర్‌తో లాగించి దవాఖానా ఆవరణలో పెట్టిన జీపు కిందికి దూరి పడుకునేదాన్ని. తెల్ల యూనిఫాం మీద గ్రీజు మరకలు చూసి దవాఖానా ఆయా ముక్కున వేలేసుకుంది.

అన్నిటికంటే కష్టం కొత్త ఇంజిన్‌ను పాత గేర్‌బాక్సుకు అతికించడం. రెండూ వేరే కంపెనీలవి, ఒకదాని బోల్టు బెజ్జాలు ఇంకొకదానికి కలవవు. మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక పెట్టి, అటు వాటికీ ఇటు వాటికీ బెజ్జాలు వేయాలి. ఆ బెజ్జాల అచ్చు తీయడానికి కాగితం పెడితే నూనె పీల్చి చిరిగింది. అట్ట పెడితే ఒంగింది. నాకు మెరుపులా తోచింది: ఎక్స్‌రే ఫిల్ములు! రోగులు వదిలేసి పోయిన పాతవి మా బీరువాలో కట్టలు కట్టలు ఉన్నాయి. గట్టిగా ఉంటాయి, చిరగవు, వెలుతురుకు అవతల ఏముందో కనపడుతుంది. ఎవరిదో ఛాతీ ఫిల్మును గేర్‌బాక్సు మూతికి ఆనించి ఇంజెక్షన్ సూదితో బెజ్జాలు పొడిచాను. ఎవరిదో మోకాలి ఫిల్మును భద్రాచలం తీసుకెళ్లి మేస్త్రీ చేత ఇంజిన్ బెజ్జాలు పొడిపించాను. రెండూ కలిపి దవాఖానా కిటికీకి ఆనించి పట్టుకుంటే... అబ్బ! ఊపిరితిత్తుల మీద మోకాలి చిప్ప, వాటి మధ్యలో నుంచి చిన్న చిన్న చుక్కలుగా ఎండ. రెండే బెజ్జాలు కలిశాయి. మిగతావి ఎక్కడ పడాలో మాత్రం స్పష్టంగా కనపడింది. "నాయనా! ఇగో! దొరికింది!" అని నేనరిచిన అరుపుకు వరండాలో ఇంజెక్షన్ కోసం కూర్చున్న ముసలాయన లేచి వెళ్లిపోయాడు.

నాన్న వచ్చాడు. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నడిమి బెజ్జం వెంట్రుక వాసి తప్పినా గేర్‌బాక్సు పోతది," అన్నాడు. ఆ తర్వాత సూది నా చేతిలోంచి లాక్కుని నడిమి బెజ్జం తనే సరిచేశాడు. ఆయన ఈ పనిలో చెయ్యి పెట్టడం అదే మొదలు. నాకు పండగలా అనిపించింది, పైకి మాత్రం "సూది విరుగుతది, చూసుకో" అని కసిరాను.

తర్వాత ప్రశ్న, ఆ ఇంజిన్ మా జీపులో పడుతుందా లేదా? అంత బరువును భద్రాచలం నుంచి తెచ్చి, పట్టకపోతే మళ్లీ మోసుకుపోవడం అయ్యే పని కాదు. దానికి నేను ఉపాయం చెప్పాను. అదే కొలతలతో చెక్క ఇంజిన్ చేయించి పెట్టి చూద్దామన్నాను. మా చర్చి బెంచీలన్నీ చేసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఊళ్లో ఎవరు పోయినా శవపెట్టె కూడా ఆయనే చేస్తాడు. నేను పెదనాయనా అని పిలుస్తాను. అడిగితే గడ్డం నిమురుకుని, "కొలత రాసియ్యి బిడ్డా. నా పని గురించి నీకేం భయం లేదు. ఇంతవరకు ఒక్కరు గూడ వాపసు వచ్చి ఇరుకైందని చెప్పలె," అన్నాడు.

కొలవడానికి నేనూ నాన్నా భద్రాచలం బస్సెక్కాం. మేస్త్రీ ఆ రోజు మేనకోడలి పెళ్లికి జూలూరుపాడు పోయాడు. "షెడ్డు తెరిచే ఉంటది, కొలుచుకోండ్రి" అని ముందే చెప్పాడు. పోయిన వానాకాలం గోదావరి ఆ షెడ్డులోకి వచ్చి పోయింది. గోడల మీద నడుము ఎత్తున బురద గీత అలాగే ఉంది. కింద ఒండ్రు ఎండి, తొక్కీ తొక్కీ గచ్చులా గట్టిపడింది. గర్భిణుల పొట్ట కొలిచే టేపు నా సంచిలో ఉంది. నాన్న టేపు పట్టుకుంటే నేను పిల్లల బరువులు రాసే పుస్తకంలో రాశాను. పొడవు, వెడల్పు, నేల నుంచి పైదాకా ఎత్తు. ప్రతి కొలతా రెండుసార్లు తీశాం. నర్సును కదా, ఒకసారి చూసి రాసే అలవాటు లేదు నాకు.

పెదనాయన పది రోజుల్లో చెక్క ఇంజిన్ తయారు చేశాడు. ఎంత ముద్దుగా ఉందనుకున్నారు! బెంచీలకు మిగిలిన నల్లమద్ది ముక్కలు మేకులేసి కలిపి, ముందు ఫ్యాను చోట గుండ్రటి పీట, పక్కన గొట్టానికి వెదురు బొంగు. ఆదివారం ఆరాధన అయ్యాక సగం సంఘం మా దవాఖానా ఆవరణలో దిగింది. నలుగురు పట్టి జీపులో దింపారు. పట్టింది! ముందు యాక్సిల్‌కు వేలు పట్టేంత సందు, రేడియేటర్‌కు జానెడు. నాన్న బానెట్ మెల్లగా దించాడు. టక్కున మూసుకుంది. అందరూ చప్పట్లు. పెదనాయన ఆ చెక్క ఇంజిన్ కోసం ప్రార్థన కూడా చేశాడు. నేను ఆగుతానా? జీపుకు ఏ రంగు వేయించాలో మొదలుపెట్టాను. ఆకుపచ్చా, తెలుపా, తెలుపైతే ఎర్ర శిలువ ఎంత ఉండాలి?

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు నాన్న. అన్నాడే గానీ ఆయన చెయ్యి మాత్రం బానెట్ మీది పాత ఆకుపచ్చ రంగును నిమురుతోంది.

ఆ చెక్క ఇంజిన్‌ను చూసే, అసలు ఇంజిన్ కూర్చునే ఇనుప కాళ్లు మేస్త్రీ వెల్డింగ్ చేసి పెట్టాడు. డీజిల్ ఇంజిన్ బరువుకు కుంగకుండా, ముందు చక్రాల మీది కమాన్ కట్టలకు ఒక్కొక్క పట్టీ ఎక్కువ వేశాడు. పలక లేత్ షాపు నుంచి వచ్చింది, గేర్‌బాక్సుకు దిగింది, బెజ్జం బెజ్జం కలిసింది. ఏప్రిల్ సగానికి అసలు ఇంజిన్ ట్రాక్టర్ ట్రాలీలో బయల్దేరింది. అది గేటులోకి వస్తుంటే నేను ఇంజెక్షన్ ట్రే పట్టుకునే పరుగెత్తాను.

చింతకొమ్మకు చైన్ కట్టి మేస్త్రీ ఇంజిన్‌ను ఎత్తాడు. మెల్లగా జీపులోకి దించుతున్నాడు. నాన్న పక్కన నిలబడి, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నాడు. ఇనుప కాళ్లు ఇంకా రెండు మూడు వేళ్ల దూరం ఉండగానే కింద టంగుమంది. ఇంజిన్ ఆగిపోయింది. దాని అడుగున నూనె ఉండే తొట్టి, మేస్త్రీ చాంబర్ అంటాడు, అది ముందు యాక్సిల్ మీద కూర్చుంది. ఇక దిగదు.

ఇక నా నోటికి అడ్డం లేదు. "ఏం పెదనాయనా, నువ్వు చేసిన పెట్టెలన్నీ గిట్లనే ఉన్నయా? పోయినోళ్లు రాలేరని ధైర్యమా నీకు?" అనేశాను. పెదనాయన ఇంటికి వెళ్లి, పుస్తకంలోంచి నేను చింపి ఇచ్చిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎత్తు దగ్గర నా చేతిరాత. చెక్క ఇంజిన్ కొలిచాం. నా రాతకు నూలు వాసి తేడా లేదు.

అప్పటికి నాన్న జీపు కిందికి దూరాడు. కింది నుంచి ఏదో సప్పుడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. వంగి చూస్తే నవ్వుతున్నాడు! పొట్ట ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు. "చూడే, చూడు!" అన్నాడు. చాంబర్ చుట్టూ, అడుగు నుంచి సరిగ్గా బెత్తెడు ఎత్తున, బూడిద రంగు గీత. భద్రాచలం గోడల మీద ఉండేలాంటిదే.

మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. వరద తీసిన వారానికే ఆ ఇంజిన్ తెచ్చి మెత్తటి ఒండ్రులో దింపాడట. బరువుకు అది బెత్తెడు లోపలికి కూరుకుపోయింది, తర్వాత ఒండ్రు దాని చుట్టూ ఎండి గట్టిపడింది. మేము కొలిచింది గోదావరి పెట్టిన నేల నుంచి! గోదావరి ఒడ్డున పుట్టి పెరిగిన ఇద్దరం, రెండేసిసార్లు కొలిచాం మరి.

"నాకు తెల్వదా ఆ ఒండ్రు సంగతి? పెళ్లి వంటలో పడి చెప్పుడు మర్చిన," అన్నాడు మేస్త్రీ. నేను పెదనాయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "నిన్ను తిట్టుడు నా తప్పే పెదనాయనా," అంటే ఆయన, "పోనియ్యి బిడ్డా. నువ్వు తిట్టకపోతే ఒంట్లో బాగలేదేమో అనుకుంటం," అన్నాడు. ఇంజిన్ పైకెత్తితే బానెట్ మూసుకోదు. మేస్త్రీ చాంబర్ విప్పి, యాక్సిల్‌కు తగిలే ముందు భాగం కోసేసి, లోతును వెనక్కి జరిపి మళ్లీ అతికించాడు. నీళ్లు పోసి రెండు రోజులు కారుతుందేమో చూశాం. కారలేదు.

ఇంజిన్ మొదటిసారి తిరిగిన రోజు నేను మరిచిపోలేను. నల్లటి పొగ గుప్పున లేచి మామిడి చెట్టు కాకులన్నీ ఎగిరిపోయాయి. డబడబ డబడబ అని జీపు మొత్తం వణుకుతోంది. నేను మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఎగిరాను, ఆయాతో కలిసి ఎగిరాను, పెదనాయన చెక్క ఇంజిన్ మీద చెయ్యి వేసి "స్తోత్రం" అన్నాడు. నాన్న ఒక్కడే బండి ముందు నిలబడి తల పక్కకు వంచి వింటున్నాడు.

"మంచి ఇంజినే," అన్నాడు చివరికి. "మన గొంతు మాత్రం కాదు."

రవాణా ఆఫీసులో కొత్త ఇంజిన్ నంబరు రాయించుకుని వచ్చేసరికి మే మొదటి వారం అయింది. ఆ గురువారమే బయల్దేరాం. నా సంచిలో బీపీ మిషన్, గోలీలు, ఆ కోడలు పిల్ల కార్డు. దారి పొడవునా నా నోరు ఆగలేదు. ఎంత తేలిగ్గా పోతోందో, వాగులోకి ఎంత నిమ్మళంగా దిగిందో అదే వర్ణన. మొదటి గూడెం ఇప్పచెట్టు కింద రెండు మేకలున్నాయి, మనిషి లేడు. నడిమి గూడెంలో ఒక కుక్క మొరిగింది.

"తునికాకుకు పోయి ఉంటరు లే," అన్నాడు నాన్న.

"ముసలోళ్లు గూడ పోయిండ్రా?" అన్నాను. నా గొంతు నాకే వేరేగా వినపడింది.

చివరి గూడెం చేరాం. కోడలు పిల్ల ఇంటి ముందు పొయ్యి మండుతోంది. దాని మీద జావ కుండ పొంగి కారుతోంది. తడికె దగ్గరికి వేసి ఉంది. అప్పుడే అక్కడి నుంచి లేచిపోయారు. నాన్న ఇంజిన్ ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "చెప్పలేదా," అని కూడా అనలేదు. అంటే బాగుండేది. అడవిలో ఎటు పోయారో, ఆ వాచిన కాళ్లతో ఆ పిల్ల ఎంత దూరం పరుగెత్తిందో. ఆమెను పరుగెత్తించింది నేనే. నాకు భయమేసింది, ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే ముందు వచ్చేది కోపం.

జీపు మీదికెక్కి నిలబడి మొదలుపెట్టాను. "యాడికి పోయిండ్రే అందరు! రెండున్నర నెల్లు నానా తిప్పలు పడి, పేగులు తెగేటట్టు ఊగుకుంట వస్తే ఒక్కళ్లు లేరా? పొయ్యి మీద జావ పొంగుతున్నది, దింపెటోళ్లు లేరా, నేను దింపాల్నా? ఓ ముసలమ్మా, నీ మోకాళ్లకు గోలీలు తెచ్చిన, వాగుల పారేసి పోత! కడుపుతోని ఉన్న పిల్లను ఉరికిస్తరా? సిగ్గు శరం ఉన్నదా? రాండ్రి, ఇవ్వాళ ఒక్కొక్కరి సంగతి చెప్త!"

ఎక్కడో చెట్ల వెనక కిసుక్కున నవ్వు వినపడింది. ఇంకో పక్క నుంచి ఇంకొక నవ్వు. వాళ్ల భాషలో ఎవరో ఎవరినో కేకేశారు. చెట్ల చాటు నుంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరికంటే ముందు ఆ అత్త, గబగబా వచ్చి కుండ దింపి, నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వా సిస్టరమ్మా! ఎవలో సార్లు వచ్చిండ్రనుకున్నం. బండి గొంతు మారింది గదా. నీ తిట్లు విని పోల్చుకున్నం."

నాన్న స్టీరింగు మీద తల పెట్టి నవ్వుతున్నాడు. "నోరు మంచిగుండాలె అని ఇన్నేండ్లు చెప్పిన నీకు. తప్పు నాదే," అన్నాడు.

కోడలు పిల్ల అందరికంటే వెనక, నడుము మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. ముఖం కూడా వాచింది. తలనొప్పి అంది. బీపీ చూస్తే మార్చిలో ఉన్నదానికంటే బాగా పెరిగింది. నొప్పులు మొదలుకాలేదు గానీ ఆగే వీలు లేదు. అత్త నా ముఖం చూసి ఈసారి వాదించలేదు. లోపలికి పోయి చీరలు మూట కట్టుకుని వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు తోడు ఎక్కారు. ఒక జ్వరం మనిషి ఎక్కాడు.

వాగు వచ్చింది. నీళ్లు దాటాం. ఎత్తు మొదట్లో నాన్న ముందు చక్రాల గేరు వేయడానికి కొంచెం నెమ్మది చేశాడు. అంతే, వెనక సర్దుళ్లు. జ్వరం మనిషి దుప్పటి లాక్కున్నాడు. ఆడవాళ్లు మూటలు పట్టుకున్నారు. కోడలు పిల్ల ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఇంకో చేత్తో జీపు కమ్మీ పట్టుకుని కాలు బయట పెట్టింది.

"కూసో తల్లీ," అన్నాడు నాన్న వెనక్కి తిరగకుండానే. "దిగకు. ఎవ్వరూ దిగకుండ్రి."

డబడబమని ఒక్క ఊపు. రాళ్లు చక్రాల కింద నుంచి జారాయి, నేను ఆ పిల్లను రెండు చేతులా పట్టుకున్నాను, జీపు ముక్కు ఆకాశంలోకి లేచింది. ఎక్కుతోంది. ఆగలేదు, మూలగలేదు. అందరితో ఎక్కుతోంది. అత్త కళ్లు ఇంతింత చేసుకుని కమ్మీ పట్టుకుంది. ఆ పిల్ల మాత్రం కింద బాట వైపు, ఎప్పుడూ తను నడిచే బాట వైపు చూస్తూ ఉంది.

పైకి చేరాక నాన్న బండి ఆపాడు. జేబులోంచి బీడీ తీశాడు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, కింద నుంచి నడిచి వచ్చేవాళ్ల కోసం వెనక్కి తిరిగి చూశాడు. బాట ఖాళీగా ఉంది. అందరూ జీపులోనే కూర్చుని ఆయన వైపు చూస్తున్నారు.

"ఇంకెవరొస్తరు నాయనా, పోనియ్యి జల్దీ!" అన్నాను.

నాన్న బీడీ మళ్లీ జేబులో పెట్టుకుని గేరు వేశాడు.